హైదరాబాద్ నుంచి డాలస్‌కు 14,400 కిలోమీటర్లే అయితే టికెట్ మీద 23 గంటలెందుకు?

ప్రశ్న టూకీగా ఇది. అమ్మానాన్నలు జనవరిలో మొదటిసారి శంషాబాద్ నుంచి డాలస్ వస్తున్నారు, జూన్‌లో తిరిగి వెళ్తారు. నెట్‌లో రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 14,400 కి.మీ. చిల్లర అని ఉంది. విమానం గంటకు 900 కి.మీ. పోతుంది కాబట్టి 16 గంటలు సరిపోవాలి. దుబాయ్ మీదుగా తీసుకున్న టికెట్‌లో మాత్రం వచ్చేటప్పుడు 23 గంటల 10 నిమిషాలు, తిరుగు ప్రయాణానికి 21 గంటల 30 నిమిషాలు చూపిస్తోంది. ఈ తేడా ఎక్కడిది? నేరుగా విమానం ఎందుకు లేదు? దుబాయ్ వెళ్ళి రావడం చుట్టు కాదా? వాళ్ళను తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు ఎన్నింటికి వెళ్ళాలి?

నేను ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేసి రిటైరయ్యాను. విమానం ఏ దారిన వెళ్ళాలి, ఎంత ఇంధనం నింపాలి, దారిలో ఏమైనా అయితే ఎక్కడ దింపాలి అని ముందుగా లెక్కలు వేసి కెప్టెన్‌కు ఇచ్చే పని అది. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు కిలోమీటర్లతో పెద్దగా పని పడదు. విమానం ఎంత గాలిని దాటాలి, ఎవరి ఆకాశం గుండా పోనిస్తారు, ఈ రెండూ తేలితే గంటలు వాటంతటవే తేలతాయి.

ముందు దూరం సంగతి. శంషాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టు 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175. అంటే భూగోళానికి ఈ పక్క మనం, ఆ పక్క దాదాపు ఎదురుగా వాళ్ళు. గోడ మీద వేలాడే మ్యాప్ చూస్తే హైదరాబాద్ నుంచి పడమటికి అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటుకుంటూ పోవాలనిపిస్తుంది. పిల్లల గ్లోబు ఒకటి తీసుకుని రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టుకోండి. దారం పడమటికి పోదు, నేరుగా ఉత్తరానికి పోతుంది. లెక్క కడితే శంషాబాద్ నుంచి బయల్దేరే దిశ 355 డిగ్రీలు, అంటే నిట్టనిలువు ఉత్తరానికి ఐదు డిగ్రీలే తక్కువ.

ఆ దారం ఏ ఊళ్ళ మీదుగా పోతుందో చూస్తే భలే సరదాగా ఉంటుంది. ముందు ఢిల్లీ, తర్వాత కార్గిల్ పరిసరాలు, కారకోరం పర్వతాలు, చైనా పడమటి కొసన కష్గర్, కజకిస్తాన్, రష్యాలో ఓమ్‌స్క్. అక్కడి నుంచి సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రం. ఉత్తర ధ్రువానికి సుమారు 525 కి.మీ. దగ్గరగా పోయి అటువైపు కెనడా మంచు దీవుల మీదుగా దక్షిణానికి తిరుగుతుంది. హడ్సన్ అఖాతం పడమటి అంచు, మిన్నెసోటా, ఒమాహా దాటితే డాలస్. మీరు చూసిన 14,400 కి.మీ. ఈ దారం పొడవే. ఓమ్‌స్క్, ఒమాహా రెండూ ఒకే దారిలో తగలడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

ఈ దారిలో రోజువారీ విమానం లేకపోవడానికి దూరం కారణం కాదు. మెల్‌బోర్న్ నుంచి డాలస్ 14,475 కి.మీ., అంటే మన దూరం కంటే కొంచెం ఎక్కువే. ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ 2022 డిసెంబర్‌లో ఆ మార్గంలో బోయింగ్ 787తో నేరుగా విమానం మొదలుపెట్టింది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కి.మీ. పైన, దాన్ని కూడా ఒకే దూకులో పోతున్నారు. మన హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిరిండియా చికాగోకు నేరుగా వారానికో విమానం నడిపింది. అది 13,300 కి.మీ. దాకా ఉంటుంది, ఎక్కువ కాలం నిలవలేదు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు అందరూ మహిళా పైలట్లే ఉన్న బృందం ఉత్తర ధ్రువం మీదుగా విమానం తెచ్చింది, ఆ వార్త గుర్తుండే ఉంటుంది.

అసలు అడ్డంకి దారిలోనే ఉంది. మొదటిది కారకోరం. విమానంలో గాలి పీడనం పడిపోతే పై నుంచి మాస్కులు కిందికి జారతాయి కదా, ప్రయాణికుల సీట్ల పైన ఉండే ఆ ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాల వరకే వస్తుంది. ఆలోపు విమానం సుమారు 10,000 అడుగులకు, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోవాలి. కింద 8,611 మీటర్ల కే2 శిఖరం ఉన్నచోట ఎక్కడికి దిగుతారు? అందుకే టిబెట్, కారకోరం మీదుగా పోవాలంటే ప్రతి మలుపులోనూ తప్పించుకునే దారి ముందే గీసి పెట్టుకోవాలి, ఆ మేరకు అదనపు ఆక్సిజన్ ఉన్న విమానం కావాలి. చాలా సంస్థలు ఆ తలనొప్పి పడకుండా పక్కకు తప్పుకుని పోతాయి.

రెండోది ధ్రువ ప్రాంతం. అక్కడ బయట గాలి ఎంత చల్లగా ఉంటుందంటే రెక్కల్లో ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవాలి. అమెరికాలో ఎక్కువగా వాడే జెట్ ఏ ఇంధనానికి హద్దు మైనస్ 40 డిగ్రీలు, మన దగ్గర దొరికే జెట్ ఏ-1కు మైనస్ 47. ఇంధనం చల్లబడుతోందని తెలిస్తే కిందికి దిగడమో, వేగం పెంచడమో చేస్తారు. రెండింటికీ ఇంధనం ఖర్చే. అత్యవసరంగా దిగాలంటే అక్కడున్న ఎయిర్‌పోర్టులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మూడు వందల మందిని ఆ చలిలో దింపితే ఎక్కడ ఉంచుతారు, ఎలా వెనక్కి తెస్తారు అన్నది కూడా ప్లాన్‌లో రాసి పెట్టాలి. ఇది సాధ్యం కాని పనేం కాదు, చేసేవాళ్ళు చేస్తున్నారు. కాకపోతే ప్రత్యేక అనుమతి, శిక్షణ కావాలి.

మూడోదే గట్టిది: ఎవరి ఆకాశం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, కెనడా, యూరోపియన్ యూనియన్, బ్రిటన్ సంస్థలకు రష్యా తన ఆకాశం మూసేసింది. మన సంస్థలకు, గల్ఫ్ సంస్థలకు మూయలేదు. కాబట్టి అమెరికన్ సంస్థ ఏదైనా ఓమ్‌స్క్ మీదుగా డాలస్‌కు పోదామంటే కుదరదు. పోనీ మన సంస్థ పోదామంటే, 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్ భారతీయ విమానాలకు తన ఆకాశం మూసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా పోయే ఎయిరిండియా విమానాలు కొన్ని ఆ దెబ్బకు వియన్నా లాంటి చోట్ల ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్ నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్ని ఆపేశారు. ఇంత పెట్టుబడి పెట్టి హైదరాబాద్–డాలస్ మొదలుపెట్టాక ఏదో ఒక దేశం తలుపు వేస్తే పరిస్థితి ఏమిటని ఎవరైనా ఆలోచిస్తారు.

దీనికి డబ్బు లెక్క తోడవుతుంది. రోజూ ఒక విమానం నడపాలంటే రెండు విమానాలు ఆ మార్గానికే కేటాయించాలి, ఎందుకంటే ఒకటి డాలస్‌లో దిగేసరికి రెండోది శంషాబాద్‌లో సిద్ధంగా ఉండాలి. ఒక్కో విమానంలో నలుగురు పైలట్లు వంతులవారీగా నడపాలి. ఇక ఇంధనం మోయడానికే ఇంధనం కావాలి. పదహారు గంటల ప్రయాణంలో ఒక టన్ను అదనంగా నింపితే అందులో మూడో వంతుకు పైగా ఆ టన్నును మోయడానికే కాలిపోతుంది. మధ్యలో ఆగి నింపుకునేవాళ్ళకు ఆ దండగ తగ్గుతుంది. ఈ ఖర్చంతా రాబట్టాలంటే ముందు భాగంలో బిజినెస్ క్లాస్ సీట్లు నిండాలి. మనవాళ్ళు డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లోనూ ఫ్రిస్కోలోనూ ప్లానోలోనూ వేలాదిగా ఉన్నారు, విమానాలు నింపుతారు కూడా. నింపేది వెనక భాగాన్ని, అదీ సెలవుల్లో. నేరుగా విమానం వచ్చినా రేటు ఎక్కువుంటే మనవాళ్ళు మళ్ళీ గల్ఫ్ టికెట్టే వెతుక్కుంటారని సంస్థలకు తెలియని విషయమేం కాదు.

దుబాయ్ మీదుగా పోవడం చుట్టే, కానీ మీరనుకున్నంత కాదు. శంషాబాద్ నుంచి దుబాయ్ 2,550 కి.మీ., అక్కడి నుంచి డాలస్ 12,920. మొత్తం 15,470. దారం పొడవు కంటే 1,050 కి.మీ. మాత్రమే ఎక్కువ, ఏడు శాతం అన్నమాట. దోహా మీదుగా 15,660. లండన్ మీదుగా 15,380, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా దాదాపు అంతే. ఆఖరికి తూర్పుగా టోక్యో మీదుగా పోయినా సుమారు 16,700. రెండు ఊళ్ళు భూగోళం మీద ఎంత ఎదురెదురుగా ఉంటే మధ్యలో ఎక్కడ ఆగినా చుట్టు అంత తక్కువ. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు చెన్నై మీదుగా పోతే మూడింతలకు పైగా అవుతుంది. డాలస్‌కు ఆ బాధ లేదు. దుబాయ్, దోహా ఇంత పెద్ద కూడళ్ళుగా ఎదగడానికి వెనక ఈ లెక్క కూడా ఉంది.

అయితే 12,920 అన్నది కూడా దారం పొడవే. దుబాయ్ నుంచి డాలస్‌కు దారం బిగిస్తే అది ఇరాన్ మీదుగా పోయి సరిగ్గా ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ పరిసరాల మీదుగా వెళ్ళి, ఐస్‌లాండ్‌కు ఉత్తరంగా గ్రీన్‌లాండ్ దాటుతుంది. 2022 ఫిబ్రవరి 24 నుంచి ఉక్రెయిన్ ఆకాశంలో పౌర విమానాలు లేవు. అందుకని విమానం అటో ఇటో తప్పుకోవాలి. గల్ఫ్ ప్రాంతంలో గొడవలు వచ్చినప్పుడు ఇంకో మెలిక పడుతుంది: 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు ఆకాశం మూసేస్తే విమానాలు గాల్లోంచే వెనక్కి తిరిగాయి. ఏ గొడవా లేని రోజున కూడా విమానం దారం మీద పోదు. ఒక్కో దేశం నిర్ణయించిన మార్గాలు, ఉరుములు, ఎదురుగాలి తప్పించుకోవడం, ఇవన్నీ కలిసి మరో రెండు మూడు శాతం పెరుగుతుంది. కాబట్టి దుబాయ్–డాలస్ అసలు ప్రయాణం 13,300 కి.మీ. అనుకుందాం.

ఇప్పుడు గాలి. మీరడిగిన రాకపోకల తేడాకు సమాధానం ఇక్కడే ఉంది.

విమానం గంటకు 900 కి.మీ. పోతుందంటే, చుట్టూ ఉన్న గాలితో పోల్చి 900 అని అర్థం. ఆ గాలి తనే కదులుతుంటే నేల మీద వేగం మారిపోతుంది. మన అక్షాంశాలకు ఉత్తరంగా, 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహాలు ఉంటాయి. గంటకు 150, 200 కి.మీ. మామూలు. చలికాలంలో 300 దాటడం కూడా ఉంటుంది. ధ్రువాల చలికీ ఉష్ణ ప్రాంతాల వేడికీ ఉన్న తేడా, దానికి భూమి తిరగడం తోడై ఇవి పుడతాయి. చలికాలంలో ఆ తేడా ఎక్కువ కాబట్టి గాలి కూడా బలంగా ఉంటుంది. విమానం దారంతా ఆ ప్రవాహంలోనే ఉండదు. అయినా పడమటికి పోయేటప్పుడు సగటున గంటకు 50 కి.మీ. ఎదురుగాలి అనుకుంటే నేల మీద వేగం 850. 13,300 కి.మీ.కి 15 గంటల 40 నిమిషాలు. అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు ఆ 50 వెనక నుంచి తోస్తే వేగం 950, సమయం 14 గంటలు. గంటా నలభై నిమిషాల తేడా కేవలం గాలిదే. మా ప్లాన్ కాగితాల్లో నేల దూరం పక్కనే గాలి దూరం అని ఇంకో అంకె ఉంటుంది. ఇంధనం లెక్కంతా దాని మీదే. పై ఉదాహరణలో నేల దూరం 13,300 అయితే గాలి దూరం పోయేటప్పుడు 14,100 దాకా, వచ్చేటప్పుడు 12,600. ఒకే దారికి రెండు పొడవులన్నమాట.

నిజానికి పోయే దారి, వచ్చే దారి ఒకటిగా కూడా ఉండవు. పడమటికి పోయేటప్పుడు జెట్ స్ట్రీమ్‌కు ఉత్తరం పక్కనుంచి, గ్రీన్‌లాండ్ వైపుగా తప్పించుకుని పోతాం. వచ్చేటప్పుడు కావాలని దాని ఒడిలోకి దూరతాం. నేల మీద కొంచెం ఎక్కువ దూరమైనా సరే, తక్కువ సమయంలో తక్కువ ఇంధనంతో చేరతాం. ప్రతిరోజూ కొత్త గాలి లెక్కలు వస్తాయి, ప్రతిరోజూ కొత్త దారి. సీటు ముందు తెరలో మీ నాన్నగారు చూసే గీత నిన్నటి ప్రయాణికులు చూసిన గీత కాకపోవచ్చు.

ఈ గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను అట్లాంటిక్ మీద ఉన్నప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 747 విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద వేగం గంటకు 1,300 కి.మీ. దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు, చుట్టూ ఉన్న గాలితో పోల్చితే మామూలు వేగమే. ఈ ప్రవాహాలను మొదట పద్ధతిగా కొలిచిన వాళ్ళలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి ఒకరు. 1920లలో బెలూన్లు వదిలి చూసి, ప్రపంచమంతా చదవాలని ఫలితాలను, అన్ని దేశాలవాళ్ళకూ పనికొచ్చేలా తయారుచేసిన ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు. పాపం, ఆ భాష చదివేవాళ్ళు లేక ఎవరూ పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వెళ్ళిన అమెరికన్ బాంబర్ల పైలట్లు, ఎదురుగాలికి విమానం దాదాపు నిలబడిపోయినట్టు ఉంటే ఆశ్చర్యపోయారు.

మా బంధువుల్లో ఒకాయన ప్రతి పెళ్ళిలోనూ నన్ను పట్టుకుని అడుగుతాడు: భూమి తూర్పుకు తిరుగుతోంది కదా, మరి పడమటికి పోయే విమానానికి ఊరు తనే ఎదురొచ్చి తొందరగా చేరాలి కదా అని. భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది బాబాయ్, విమానం ఆ గాలిలోనే ఉంది అని చెప్తాను. వచ్చే పెళ్ళిలో మళ్ళీ అడుగుతాడు.

టికెట్ మీదున్న గంటలకు వద్దాం. విమానం గాల్లో ఉన్న సమయాన్ని టికెట్ మీద వేయరు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్క. డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టు దాదాపు 70 చదరపు కిలోమీటర్లు, న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ దీవి కంటే పెద్దది. ఏడు రన్‌వేలు. దిగిన రన్‌వేను బట్టి గేటు చేరడానికి పావుగంట పైన పట్టవచ్చు. దీనికి తోడు, ఆలస్యమైందని పేరు రాకుండా సంస్థలు కొంచెం గుంజి రాస్తాయి. ఇవన్నీ వేస్తే దుబాయ్–డాలస్ 16 గంటల 15 నిమిషాలు, హైదరాబాద్–దుబాయ్ 3 గంటల 55 నిమిషాలు, దుబాయ్‌లో ఆగేది 3 గంటలు. కలిపితే మీ 23 గంటల 10 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో 14:40, 3:20, మధ్యలో మూడున్నర గంటలు. మొత్తం 21:30. దుబాయ్‌లో అరగంట ఎక్కువ కూర్చున్నా మొత్తం మీద తక్కువే పడింది చూడండి.

టికెట్ చూసి గంటలు లెక్కపెట్టేటప్పుడు చాలామంది తికమక పడేది స్థానిక సమయం దగ్గర. టికెట్ మీద ఏ ఊరికి ఆ ఊరి సమయమే ఉంటుంది. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి బయల్దేరి డాలస్‌లో అదే తేదీ సాయంత్రం 4:00కు దిగుతారని ఉంటే చూడ్డానికి 11 గంటల 40 నిమిషాలే. జనవరిలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అది కలిపితే 23:10. తిరిగి వచ్చేటప్పుడు కలపకూడదు, తీసేయాలి. జూన్ 10 సాయంత్రం 6:30కి బయల్దేరి 12వ తేదీ తెల్లవారుజామున 2:30కి శంషాబాద్‌లో దిగితే చూపుకు 32 గంటలు. అందులోంచి పదకొండున్నర తీసేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే జూన్‌లో తేడా పదిన్నర గంటలే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మనకు, దుబాయ్‌కు ఆ పద్ధతి లేదు. 32 లోంచి పదిన్నర తీస్తే 21:30. ఊళ్ళో కారు మాట్లాడేవాళ్ళకు మాత్రం 12వ తేదీ అని, అదీ 11 రాత్రి పడుకుని లేచాక అని విడమరిచి చెప్పండి. అర్ధరాత్రి దాటిన విమానాలకు మనవాళ్ళు తేదీ తప్పడం ఎయిర్‌పోర్టులో రోజూ చూసే విషయం.

పెద్దవాళ్ళకు ఏ దారి మంచిదని మీరు అడగలేదు గానీ, టికెట్ ఇంకా మార్చుకునే వీలుంటే నా అభిప్రాయం చెప్తాను. గల్ఫ్ దారిలో ఒక చిన్న ముక్క, ఒక పెద్ద ముక్క. పదహారు గంటలు ఒకే కుర్చీలో కూర్చోవాలి. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో రెండూ ఇంచుమించు సమానం, ఒక్కోటి తొమ్మిది పది గంటలు. మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పి ఉన్నవాళ్ళకు మధ్యలో లేచి నడిచే అవకాశం ఉన్న రెండో దారే నాకు నచ్చుతుంది. అయితే యూరప్‌లో విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా నియమాలు ఉన్నాయి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు, కానీ నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆ దేశపు ఎంబసీ సైట్‌లో చూసుకోవాలి. వీసా స్టాంపు గడువు అయిపోయి ఉద్యోగ కాగితాలతో ఉన్న మీలాంటి పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. మోకాళ్ళ సమస్య లేకపోతే గల్ఫ్ దారే తేలిక: విమానాల్లో, ఎయిర్‌పోర్టులో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరో ఒకరు తగులుతారు, అమ్మగారికి ఆ ధైర్యమే సగం బలం.

ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. రెండు వేర్వేరు టికెట్లు కొని జోడించకండి. ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి దానిలో ఎక్కించే బాధ్యత సంస్థది. వేర్వేరు అయితే పెద్దవాళ్ళు కౌంటర్ ముందు బిక్కమొహం వేసుకుని నిలబడాలి. డిసెంబర్, జనవరిలో ఢిల్లీ పొగమంచు సంగతి తెలిసిందే కదా, అక్కడ మారే టికెట్ ఆ నెలల్లో అసలే వద్దు. చికాగో, న్యూయార్క్‌లో దిగి మళ్ళీ డాలస్ విమానం ఎక్కే టికెట్ కూడా మొదటిసారి వచ్చేవాళ్ళకు టెన్షనే. అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్, మళ్ళీ సామాను అప్పగించడం, సెక్యూరిటీ అన్నీ చేసుకోవాలి. అక్కడ మూడు గంటలకు తక్కువ ఉంటే కంగారే.

వీల్‌చెయిర్ కావాలని టికెట్ బుక్ చేసినప్పుడే చెప్పండి. నడవగలిగినవాళ్ళు సిగ్గుపడతారు, కానీ దుబాయ్‌లో గేటు నుంచి గేటుకు నడక చాలా దూరం. సీట్లు నడవ వైపు తీసుకోండి, రెండు గంటలకోసారి లేచి తిరిగేలా చెప్పండి. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్ళయితే పదకొండున్నర గంటల తేడాలో డోసు ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టర్‌తో రాయించుకోవాలి. ఇది మన సొంత లెక్కతో చేసే పని కాదు. మందులు చేతి సంచిలో ఉండాలి, చెక్‌-ఇన్ పెట్టెలో కాదు.

ఇక మీరు ఎయిర్‌పోర్టుకు ఎప్పుడు వెళ్ళాలి. టికెట్ మీదున్న 4:00 పట్టుకుని కూర్చోవద్దు. ఆ రోజు దుబాయ్‌లో విమానం గాల్లోకి లేచాక ఫోన్‌లో ఫ్లైట్ ట్రాకింగ్ యాప్ చూస్తే గాలి లెక్క కలిపి దిగే సమయం అంచనా ఇస్తుంది, అది నమ్మండి. ఎదురుగాలి గట్టిగా ఉన్న రోజు 4:30 కావచ్చు, తక్కువగా ఉంటే 3:40కే దిగవచ్చు. వాళ్ళు దిగేది టెర్మినల్ డిలో. గేటు చేరి, ఇమిగ్రేషన్ వరస దాటి, పెట్టెలు తీసుకుని బయటికి రావడానికి గంట నుంచి గంటన్నర వేసుకోండి. ఒకేసారి నాలుగైదు పెద్ద విమానాలు దిగిన రోజున రెండు గంటలు. ఎయిర్‌పోర్టులో వైఫై ఉచితం, నాన్నగారి ఫోన్‌లో వాట్సాప్ కాల్ ఎలా చేయాలో ముందే నేర్పించండి. మీరు ఫ్రిస్కో వైపు ఉంటే విమానం నేల తాకిందని యాప్‌లో చూశాక ఇంట్లోంచి బయల్దేరినా సరిపోతుంది. అమ్మగారి పెట్టెలో గోంగూర, ఆవకాయ ఉంటే కస్టమ్స్ వాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. చికెన్ పచ్చడి మాత్రం పెట్టనివ్వకండి, మాంసం పదార్థాలు తీసేసుకుంటారు, పైగా పెట్టెలన్నీ విప్పి చూసేసరికి ఇంకో అరగంట పడుతుంది.